పట్టికలో ఐస్‌లాండ్ పైన ఎందుకుంది?

2020 ఏప్రిల్ మొదటి వారంలో ప్రపంచ దేశాల కరోనా పట్టిక తెరిచి, ‘పది లక్షల జనాభాకు ఎన్ని కేసులు’ అన్న కాలమ్ ప్రకారం పెద్ద నుంచి చిన్నకు పేరిస్తే, పైన వచ్చే పేర్లు వాటికన్, సాన్ మారినో, అండోర్రా, లక్సెంబర్గ్, ఐస్‌లాండ్. రోజూ టీవీలో శవపేటికలు చూపిస్తున్న ఇటలీ, స్పెయిన్ వాటి కిందే. వాటికన్‌లో అప్పటికి మొత్తం కేసులు పది కూడా లేవు. కానీ అక్కడ ఉన్న జనమే వెయ్యి లోపు కాబట్టి భాగహారం చేసేసరికి అది ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన దేశం అయి కూర్చుంది. ఐస్‌లాండ్‌కు పది లక్షలకు నాలుగు వేల పైచిలుకు కేసులు. ఇండియా కోసం చాలాసేపు కిందికి జరపాలి. మనకు మూడో నాలుగో.

మా డిగ్రీ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఈ పట్టిక స్క్రీన్‌షాట్లు తెగ తిరిగాయి. మన ఎండ, మన పసుపు, మన బీసీజీ టీకా అంటూ ఎవరికి నచ్చిన కారణం వాళ్లు తగిలించి, మనం సేఫ్ అని తేల్చేశారు. ఐస్‌లాండ్ మీద జాలిపడ్డవాళ్లూ ఉన్నారు. నేను చెప్పేది స్టాటిస్టిక్స్. కాలేజీ మూతపడి, ఇంట్లో ఫోన్ ముందు కూర్చుని శాంప్లింగ్ (కొందరిని చూసి అందరి గురించి అంచనా వేయడం) పాఠం చెప్పాల్సి వచ్చింది. పాఠ్యపుస్తకంలోని బల్బుల ఫ్యాక్టరీ ఉదాహరణ కంటే ఇదే నయమనిపించి ఐస్‌లాండ్ లెక్కల్ని పాఠంగా పెట్టుకున్నాను. తర్వాత పాఠం అయిపోయినా ఆ దేశాన్ని వదల్లేదు. ఇంకో రెండు మూడు దీవుల లెక్కలు కూడా పక్కన పెట్టుకుని చూస్తూ వచ్చాను.

అలా చూస్తూ నాకు కుదిరిన అభిప్రాయం చెబుతాను. మహమ్మారి తొలివారాల్లో రోజూ ప్రకటించే కేసుల సంఖ్య, ఊళ్లో వ్యాధి ఎంత ఉందో చెప్పే అంకె అనుకుంటాం. నిజానికి అది మనం ఎంత వెతికామో, ఎక్కడ వెతికామో చెప్పే అంకె. ఎలా వెతికారో చెప్పకుండా ఎన్ని దొరికాయో మాత్రం చెప్పే ఏ బులెటిన్‌నూ ఆ రోజుల్లో నమ్మి ఉండాల్సింది కాదు. ఇది పెద్ద దేశంలో కనపడదు. ఊరంతా ఒకేసారి కళ్ల ముందు ఉండే చిన్న దీవిలో స్పష్టంగా కనపడుతుంది.

ఐస్‌లాండ్ జనాభా అప్పటికి 3.64 లక్షలు. దేశం మొత్తం కలిపినా కాకినాడలో ఉండేంత జనం. అక్కడ తొలి కేసు ఫిబ్రవరి 28న తేలింది. ఉత్తర ఇటలీలో స్కీయింగ్‌కు వెళ్లి వచ్చిన మనిషి. (ఆంధ్రప్రదేశ్ తొలి కేసు కూడా ఇటలీ నుంచి నెల్లూరు వచ్చిన యువకుడిదే, మార్చి 12న.) అయితే ఐస్‌లాండ్‌లో అనుమానితులకు పరీక్షలు జనవరి 31నే మొదలయ్యాయి. అంటే తొలి కేసు దొరకడానికి నాలుగు వారాల ముందు నుంచే వెతుకుతున్నారు. ఆ నాలుగు వారాలూ గ్రాఫు మీద సున్నాలే. పరీక్షలే జరపని దేశానికి కూడా గ్రాఫు మీద అవే సున్నాలు. చూడ్డానికి రెండూ ఒకటే.

మార్చి మొదటి రోజుల్లో జరిగిన సంగతి ఒకటి ఉంది. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో ముఖ్యమైనది అదే. ఆల్ప్స్ పర్వతాల్లో సెలవులు గడిపి విమానాల్లో తిరిగొచ్చిన ఐస్‌లాండ్ వాళ్లు ఒక్కొక్కరుగా పాజిటివ్ అవుతున్నారు. అక్కడి వైద్యాధికారులు ప్రతి ఒక్కరినీ ఏ ఊళ్లో దిగారు, ఎక్కడ తిన్నారు, ఎవరితో తిరిగారు అని అడిగి రాసుకున్నారు. కొందరి నోట ఒకే పేరు వచ్చింది: ఆస్ట్రియాలోని ఇష్‌గల్. టిరోల్ రాష్ట్రంలో ఒక చిన్న స్కీ ఊరు. అప్పటికి ఆస్ట్రియా ఎవరి ప్రమాద జాబితాలోనూ లేదు. మార్చి 5న ఐస్‌లాండ్ ఇష్‌గల్‌ను అధిక ప్రమాద ప్రాంతంగా ప్రకటించి, అక్కడి నుంచి వచ్చినవాళ్లను క్వారంటైన్‌లో పెట్టింది. ఆస్ట్రియాకూ కబురు చేసింది. టిరోల్ అధికారులు మొదట నమ్మలేదు. మా ఊళ్లో అంటుకుని ఉండదు, తిరుగు విమానంలో ఇటలీ ప్రయాణికుల నుంచి అంటుకుని ఉంటుంది అన్నారు. రెండు రోజులకు ఇష్‌గల్‌లో ఒక బార్ ఉద్యోగికి పాజిటివ్ వచ్చింది. ఊరిని మూసింది మార్చి 13న. ఈలోపు ఆ బార్లలో తాగి ఆడి ఇళ్లకు వెళ్లినవాళ్లు జర్మనీకి, డెన్మార్క్‌కు, నార్వేకు, ఇంకా ఎన్నో చోట్లకు వైరస్‌ను మోసుకుపోయారు.

ఆ సమయానికి ఐస్‌లాండ్ మొత్తం కేసులు కొన్ని పదులు మాత్రమే. గ్రాఫు గీసి, వాలు కొలిచి, ఎన్ని రోజులకు కేసులు రెట్టింపవుతున్నాయో లెక్కగట్టేవాడికి ఆ పదుల్లో ఏమీ కనపడదు. ఒక్కొక్క కేసు పక్కన ‘ఎక్కడ నుంచి’ అన్న మాట రాసుకున్నవాడికి ఇష్‌గల్ కనపడింది. సంఖ్య ఎంత చిన్నదైతే దాని పక్కన రాసుకునే వివరానికి అంత విలువ. మనవాళ్లు డాష్‌బోర్డుల మీద పెట్టిన మనసులో పదోవంతు ఈ రాత మీద పెట్టి ఉంటే బాగుండేది.

అలా అని ఐస్‌లాండ్ వాళ్లకు దివ్యదృష్టి ఏమీ లేదు. ఆల్ప్స్ వైపే చూస్తూ కూర్చున్నందుకు ఇంకో దారిన వచ్చింది వాళ్లకు తెలియలేదు. ఆ సంగతి బయటపడిన తీరు కూడా చెప్పుకోదగ్గదే.

ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో డీకోడ్ జెనెటిక్స్ అని ఒక సంస్థ ఉంది. కారి స్తెఫాన్సన్ అనే డాక్టరు 1996లో పెట్టింది. ఐస్‌లాండ్ ప్రజల జన్యువుల మీద దశాబ్దాలుగా పరిశోధన చేస్తున్న కంపెనీ. మార్చి 13 నుంచి ఆ సంస్థ మామూలు జనానికి పరీక్షలు మొదలుపెట్టింది. లక్షణాలు ఉన్నా లేకపోయినా ఎవరైనా పేరు నమోదు చేసుకుని రావచ్చు. మరోపక్క జాతీయ ఆసుపత్రి ల్యాబు తన పని తాను చేస్తోంది: లక్షణాలున్నవాళ్లు, ప్రమాద ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు, పాజిటివ్ వచ్చినవాళ్లతో కలిసి తిరిగినవాళ్లు. తర్వాత డీకోడ్ వాళ్లు జనాభా జాబితాలోంచి యాదృచ్ఛికంగా కొందరిని ఎంపిక చేసి, మెసేజ్ పంపి రమ్మన్నారు. ఇలా మూడు రకాల వెతుకులాటలు కొద్ది వారాల్లోనే, ఒకే దేశంలో.

ఏప్రిల్ 4 దాకా ఫలితాలివి. ఆసుపత్రి ఎంచి పరీక్షించిన 9,199 మందిలో 1,221 మందికి పాజిటివ్, అంటే 13.3 శాతం. తమంతట తాము వచ్చిన 10,797 మందిలో 87 మందికి, అంటే 0.8 శాతం. యాదృచ్ఛికంగా పిలిచిన 2,283 మందిలో 13 మందికి, అంటే 0.6 శాతం. దేశం అదే, వైరస్ అదే. ‘ఐస్‌లాండ్‌లో పాజిటివిటీ ఎంత?’ అని అడిగితే మూడు జవాబులూ సరైనవే. మొదటిదానికీ మూడోదానికీ మధ్య తేడా ఇరవై రెట్లకు పైనే.

క్లాసులో నేను ఎక్కువసేపు ఆగింది ఆ మూడో లెక్క దగ్గర. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలంటారు. చాలు, కానీ గిన్నె అడుగు దాకా కలిపి తీసిన మెతుకైతేనే. యాదృచ్ఛిక ఎంపిక అంటే ఆ కలపడమే. 2,283లో 13 అంటే దేశం మొత్తానికి హెచ్చవేస్తే రెండు వేల మంది. పదమూడు చిన్న సంఖ్య కాబట్టి అదృష్టం అటూఇటూ అయితే వెయ్యి కావచ్చు, మూడు వేలు కావచ్చు. పైగా మెసేజ్ అందుకున్నవాళ్లలో మూడోవంతు మందే వచ్చారు. అయినా ఈ అంచనాకు ఒక గుణం ఉంది. అప్పటికి అధికారికంగా దొరికిన కేసులు పదిహేను వందల దరిదాపుల్లో ఉన్నాయి. దొరకనివి వందల్లోనో వేలల్లోనో ఉండొచ్చు గానీ లక్షల్లో లేవని తేలిపోయింది. చీకట్లో ఉన్నది ఎంతో కనీసం స్థూలంగా తెలుసు. 2020 ఏప్రిల్‌లో ఆ ముక్క ధైర్యంగా చెప్పగలిగిన దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మిగతావి కూడా ఆ లెక్కల్లోంచే వచ్చాయి. జనసామాన్యంలో పాజిటివ్ వచ్చినవాళ్లలో 43 శాతం మంది పరీక్షనాటికి మాకు ఏ లక్షణమూ లేదన్నారు. పదేళ్లలోపు పిల్లలు 848 మందిని చూస్తే ఒక్కరికీ లేదు. అక్కడ చిన్న తరగతుల బడులు ఆ వసంతమంతా జాగ్రత్తలతో నడిచాయన్నది గుర్తుపెట్టుకుని ఈ సున్నాను చూడాలి. ఇక వైరస్ జన్యుక్రమాలు, అంటే ఏ రకం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే గుర్తులు. ఆసుపత్రికి తొలుత దొరికిన వైరస్‌లు ఎక్కువగా ఇటలీ, ఆస్ట్రియా రకాలు. వల వెడల్పుగా వేశాక దొరికినవాటిలో బ్రిటన్ తదితర చోట్ల నుంచి వచ్చిన రకాలు కనిపించాయి. ప్రమాద జాబితాలో బ్రిటన్ లేదు కాబట్టి అక్కడి నుంచి వచ్చినవాళ్లను ఎవరూ ఆపలేదు, అడగలేదు. వాళ్ల ద్వారా వైరస్ నిశ్శబ్దంగా దిగిపోయింది. ఎంచుకున్నవాళ్లనే పరీక్షిస్తే మన అనుమానాలకు తగ్గ జవాబులే వస్తాయి.

ఇంకో అంకె గురించి కూడా చెప్పాలి. రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు ముగ్గురు టీవీలో కూర్చునేవారు: ప్రధాన అంటువ్యాధుల నిపుణుడు థోరోల్ఫుర్ గుడ్నాసన్, ఆరోగ్య డైరెక్టర్ ఆల్మా మొల్లర్, పోలీసు అధికారి వీదిర్ రేనిసన్. రాజకీయ నాయకులు కాదు. వాళ్లు చెప్పే అంకెల్లో ఒకటి, ఇవాళ పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎంతమంది అప్పటికే క్వారంటైన్‌లో ఉన్నారు అన్నది. మొదటి ఉద్ధృతిలో ఇది సుమారు సగం దాకా ఉంది. పోలీసులు, నర్సులు కలిసిన కాంటాక్ట్ ట్రేసింగ్ బృందం ముందే వెళ్లి ఇంట్లో ఉండమన్నవాళ్లే తర్వాత పాజిటివ్ అవుతున్నారు.

ఒక రోజు అరవై కేసులు వచ్చాయనుకుందాం. అందులో యాభై మంది అప్పటికే వారంగా గది దాటనివాళ్లయితే, వైరస్ ఎటు పోతోందో అధికారులకు తెలుసన్నమాట. అదే అరవైలో యాభై మంది నిన్నటిదాకా బజార్లో తిరిగినవాళ్లయితే వెతికేవాళ్లు వెనకబడిపోయారని అర్థం. రెండు రోజులకూ గ్రాఫు మీద చుక్క పడేది ఒకే ఎత్తున. చిన్న దేశంలో ఆ చుక్కల్ని నమ్ముకోవడం మరీ కష్టం. ఐస్‌లాండ్‌లో భాగమైన, నాలుగు వేల పైచిలుకు జనం ఉన్న వెస్ట్‌మన్ దీవుల్లోనే వందకు పైగా కేసులు వచ్చాయి. అలాంటి ఒక్క గుంపు చాలు దేశం మొత్తం గీతను పైకి లాగడానికి. ఏడు రోజుల సగటు తీస్తే గీత నున్నగా అవుతుంది గానీ ఈ సంగతి మాత్రం అందులో కరిగిపోతుంది.

ఏప్రిల్ మొదటి వారంలో ఐస్‌లాండ్ పరిస్థితి నిజానికి ఇదీ. గీత వంగడం మొదలైంది. మే మొదటికల్లా కొత్త కేసులు దాదాపు ఆగిపోయాయి. మొత్తం 1,800 కేసులు, పది మరణాలతో మొదటి అల ముగిసింది. మా గ్రూపులో జనం జాలిపడింది సరిగ్గా ఆ వారంలోనే.

తర్వాత యాంటీబాడీ సర్వేలు, అంటే వైరస్ అంతకుముందే సోకిందా అని రక్తంలో చూసే సర్వేలు వచ్చాయి. డీకోడ్ వాళ్లు ముప్పై వేల మందికి పైగా రక్తం పరీక్షించి సెప్టెంబరు 1న ప్రచురించిన లెక్క ప్రకారం తొలి అలలో ఐస్‌లాండ్ జనాభాలో వైరస్ సోకింది 0.9 శాతానికి. వాళ్లలో 56 శాతం మంది అప్పుడే పీసీఆర్ పరీక్షలో (స్వాబ్‌లో వైరస్‌ను వెతికేది) దొరికారు. మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మే 11 నుంచి జూన్ 4 దాకా 21 రాష్ట్రాల్లోని 70 జిల్లాల్లో 28,000 మంది పెద్దవాళ్లకు సర్వే చేసింది. అందులో కృష్ణా, నెల్లూరు, విజయనగరం, జనగామ, కామారెడ్డి, నల్గొండ జిల్లాలు కూడా ఉన్నాయి. దేశం మొత్తానికి వచ్చిన అంచనా 0.73 శాతం. అంటే మే తొలినాళ్లకే 64 లక్షల మందికి సోకిపోయింది. దొరికిన ప్రతి ఒక్క కేసుకూ వెనక 82 నుంచి 130 దాకా ఇన్‌ఫెక్షన్లు ఉన్నాయి.

ఆ రెండు శాతాలూ మళ్లీ చూడండి. అక్కడ 0.9, ఇక్కడ 0.73. వాడిన కిట్లు వేరు, సర్వే చేసిన వయసులు వేరు, తేదీలు వేరు. కాబట్టి దశాంశాల దగ్గర పోట్లాడనక్కర్లేదు. కానీ రెండూ ఒకే కోవకు చెందిన అంకెలు. ఏప్రిల్ పట్టికలో మాత్రం వాళ్లకీ మనకీ మధ్య వెయ్యి రెట్ల తేడా చూపించారు. ఆ తేడాలో పెద్ద భాగం పసుపుదీ కాదు, ఎండదీ కాదు. ఏప్రిల్ 4 నాటికి ఆ మూడు లెక్కలు కలిపితే ఐస్‌లాండ్ తన జనంలో ఆరు శాతం మందిని పరీక్షించింది. 130 కోట్ల మనం అప్పటికి చేసిన పరీక్షలు లక్ష లోపు.

ఇక్కడ అందరూ అనే మాట ఒకటుంది: ‘అబ్బే, చిన్న దీవి. చుట్టూ నీళ్లు. వాళ్లకేం, ఎవరైనా చేస్తారు.’ ఈ మాట నాకు ఒప్పుదల కాదు.

సింగపూర్ కూడా దీవే. 2020 జనవరి 23న తొలి కేసు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక్కో కేసుకూ నంబరిచ్చి, ఎవరి నుంచి ఎవరికి అంటుకుందో బొమ్మ గీసి మరీ ప్రకటించేవారు. ప్రపంచమంతా మెచ్చుకుంది. వలస కార్మికులుండే డార్మిటరీల వైపు మాత్రం అంత శ్రద్ధగా చూడలేదు. ఒక్కో గదిలో పన్నెండు మందికి పైగా, మెట్ల మంచాల మీద, ఒకే వంటిల్లు, ఒకే స్నానాల గది. అక్కడ ఉండేవాళ్లు మూడు లక్షల పైచిలుకు. ఎక్కువమంది బంగ్లాదేశీలు, తమిళులు. మన శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. ఏప్రిల్ 20న ఒక్కరోజే 1,426 కేసులు తేలాయి. అందులో సింగపూర్ పౌరులు, శాశ్వత నివాసులు కలిపి పదహారు మంది. ఆ రోజుల్లో ప్రభుత్వం ‘సమాజంలో’ ఇన్ని, ‘డార్మిటరీల్లో’ ఇన్ని అని విడివిడిగా ప్రకటించేది. డార్మిటరీ సమాజంలో భాగం కాదన్న ధ్వని అందులో నాకు ఎప్పుడూ గుచ్చుకునేది. అయితే లెక్కల మనిషిగా ఇంకో మాట కూడా చెప్పాలి. అలా విడగొట్టడం వల్లే ఏం జరుగుతోందో లోకానికి తెలిసింది. కలిపేసి ఒక్క అంకె ఇచ్చి ఉంటే ఊరంతా అంటుకుందనుకునేవాళ్లం. ఆ డిసెంబరులో బయటపెట్టిన లెక్క ప్రకారం డార్మిటరీ కార్మికుల్లో 47 శాతం మందికి సోకింది. వాళ్లలో పీసీఆర్‌కు దొరికినవాళ్లు మూడింట ఒక వంతు పైచిలుకు. మిగతావాళ్ల సంగతి తర్వాత యాంటీబాడీ పరీక్షల్లోనే తెలిసింది. అంత పకడ్బందీగా వెతికే దేశంలో, దీవిలో, ఇదీ పరిస్థితి.

మారిషస్ ఇంకో రకం. పన్నెండు లక్షల పైచిలుకు జనం, కిక్కిరిసిన దీవి. మార్చి 18న మొదటి మూడు కేసులు ప్రకటించారు. రెండు రోజులకే దేశమంతా లాక్‌డౌన్, ఆ తర్వాత కర్ఫ్యూ. మార్చి 24న సూపర్‌మార్కెట్లు, కిరాణా దుకాణాలు సహా అన్నీ మూసేశారు. మర్నాడు 25న ఉగాది. మారిషస్‌లో తెలుగువాళ్లున్నారు కాబట్టి ఉగాది అక్కడ జాతీయ సెలవు. ఆ శార్వరి ఉగాది నాడు అక్కడి తెలుగువాళ్ల సంఘమైన ఆంధ్ర మహాసభ వాళ్లదీ మనదీ ఒకటే గతి: గుమ్మం దాటకూడదు. మన లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజే. ఏప్రిల్ 2 నుంచి దుకాణాలు తెరిచినా, ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి ఎవరికి ఏ రోజో నిర్ణయించారు. (మన దగ్గర అలా పెడితే ‘క’, ‘ప’ వాళ్ల వారం నాడు తొక్కిసలాటే.) ఏప్రిల్ 26 తర్వాత స్థానికంగా కొత్త కేసులు ఆగిపోయాయి. మొత్తం 332 కేసులు, పది మరణాలు.

పది మరణాలు. ఐస్‌లాండ్‌లోనూ తొలి అలలో పదే. అక్కడ 1,800లో పది, అంటే వందకు అర చిల్లర. ఇక్కడ 332లో పది, అంటే వందకు మూడు. అయితే వైరస్ మారిషస్‌లో ఐదారు రెట్లు క్రూరంగా ఉందా? అక్కడ పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి షుగర్ ఉంది, కొంత అది కారణం కావచ్చు. కర్ఫ్యూలో ఇంట్లోనే వచ్చి ఇంట్లోనే తగ్గిపోయిన తేలికపాటి జ్వరాలు లెక్కలోకి రాకపోవడం కావచ్చు. పది అనేది ఎంత చిన్న సంఖ్య అంటే, ఊరికే అదృష్టం అటూఇటూ అయినా ఆరు కావచ్చు, పదహారు కావచ్చు. ఈ మూడింటిలో ఏది ఎంతన్నది ఆ శాతం చూసి చెప్పలేం. అయినా ఆ రోజుల్లో దేశాల మరణ శాతాలను పక్కపక్కన పెట్టి గంటలు గంటలు చర్చించని చానెల్ ఉందా?

ఐస్‌లాండ్ తాళాలు వేయలేదు. సభలకు మొదట వంద మంది, తర్వాత ఇరవై మంది పరిమితి పెట్టి, దుకాణాలు తెరిచే ఉంచింది. మారిషస్ అన్నీ మూసింది. సింగపూర్ ఒకచోట బాగా చూసి ఇంకోచోట చూడలేదు. మూడూ నీటి మధ్య ఉన్న దేశాలే. దీవి కావడం వల్ల కలిగే లాభం ఒకటుంది, కాదనను: ఎవరు ఎప్పుడు వచ్చారో విమానాశ్రయంలో తెలుస్తుంది. ఆ తర్వాత అంతా వెతికేవాళ్ల పనే. ఆ లాభం శాశ్వతమూ కాదు. ఐస్‌లాండ్‌లో సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకా పెద్ద అల వచ్చి, లాండకోట్ అనే వృద్ధుల ఆసుపత్రిలోకి కూడా వెళ్లింది. మారిషస్ 2021 మార్చిలో మళ్లీ లాక్‌డౌన్ పెట్టుకుంది.

ఇక మన దగ్గరికి వస్తాను. 2020 జులై 29న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజు కేసులు తొలిసారి పది వేలు దాటాయి: 10,093. అదే సమయానికి తెలంగాణలో రోజుకు రెండు వేల లోపు. టీవీల నిండా ఇదే పోలిక. ఆ రోజు ఆంధ్రలో జరిగిన పరీక్షలు డెబ్బై వేల పైచిలుకు. తెలంగాణలో అందులో మూడోవంతు కూడా లేవు. పరీక్షలు చాలడం లేదని ఆ ప్రభుత్వాన్ని హైకోర్టు అంతకుముందే పదేపదే తప్పుబట్టింది. అలాగని ఆంధ్ర కేసులన్నీ పరీక్షల పుణ్యమే అనడం కూడా తప్పే. డెబ్బై వేలలో పది వేలంటే ఏడుగురిలో ఒకరు. వ్యాధి నిజంగానే ఊళ్లలో పాకుతోంది. రెండు రాష్ట్రాల మధ్య నిజమైన తేడా ఎంతో ఆ రెండు అంకెల నుంచి తేలదు. ఎలా దొరికిన కేసులో తెలిస్తే కొంత తేలేది. మొదట్లో విదేశాల నుంచి వచ్చినవారు, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు, కాంటాక్టులు అని విడగొట్టి చెప్పేవారు. సరిగ్గా అవసరమైన వేళకు ఆ వరుసలు పోయి జిల్లాల పట్టిక ఒక్కటి మిగిలింది.

నా చిన్ననాటి స్నేహితుడు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు. ఇదంతా చెబితే వాడు ఒప్పుకోడు. ‘ఒరేయ్, నువ్వు కూర్చుని కాలమ్‌లు అడుగుతావు. నా దగ్గర ఆ నెలలో మనుషులే లేరు. పీపీఈ కిట్లు లేక రెయిన్‌కోట్లు వేసుకున్నాం. నీ రేక్యవిక్ లెక్కలు ఇక్కడ కుదరవు’ అంటాడు. పీపీఈ మాట నిజం. స్వాబ్ తీసిన ఎన్ని రోజులకు ఫలితం వచ్చేదో కూడా నాకు తెలుసు. జవాబు వచ్చేసరికి రోగి కోలుకునేవాడు, లేదా పోయేవాడు.

మనుషులు లేరన్న మాట దగ్గర మాత్రం వాడితో ఇప్పటికీ వాదన పెట్టుకుంటాను. ఐస్‌లాండ్ ట్రేసింగ్ బృందం యాభై మంది దాకా ఉండేది. అంటే సుమారు ఏడు వేల జనాభాకు ఒకరు. మన మండలం యాభై, అరవై వేలనుకుంటే ఏడెనిమిది మంది చాలు. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు అంతకంటే ఎక్కువమందే ఉన్నారు. పైగా ఆంధ్రలో యాభై ఇళ్లకొక వాలంటీరు కూడా ఉండి, మార్చిలో విదేశాల నుంచి వచ్చినవాళ్ల కోసం ఇంటింటికీ తిరిగారు. ఎవరింట్లో ఎవరికి దగ్గుందో ఆ ఆశా అక్కకు తెలుసు. ఆమె రిజిస్టర్‌లో రాసింది కూడా. ఆ రాతలో ఉన్న ‘ఎవరి ద్వారా, ఎప్పటి నుంచి ఇంట్లో ఉన్నారు’ అన్న రెండు ముక్కలు మండలం దాటి, జిల్లా దాటి, సాయంత్రం బులెటిన్ దాకా రావడానికి స్వాబ్ అక్కర్లేదు, కిట్ అక్కర్లేదు. పైనుంచి ఆ కాలమ్ అడిగితే చాలు. వాడు అంటాడు, అడిగితే కింద ఏదో ఒకటి నింపి పంపుతారని. ఆ మాటకు నా దగ్గర ఇంకా సరైన జవాబు లేదు. జనాభా లెక్కల దగ్గర్నుంచి పంట నష్టం లెక్కల దాకా వాడు చెప్పేదే జరుగుతుంటుంది మరి.